విచారణ చేసేవారికి శిక్షణ కావాలి



తీర్పులు కోర్టులోనే వస్తాయనుకుంటాం. కాని మన ఉద్యోగం, పింఛను, రేషన్ కార్డు చాలాసార్లు ఒక ఆఫీసరు బల్ల ముందే తేలిపోతాయి. అక్కడ సాక్ష్య చట్టం కోర్టులో ఉన్నంత కచ్చితంగా వర్తించదు.

1977లో హర్యానా బస్సు కండక్టరు కేసు చూడండి. టికెట్టు లేని ప్రయాణికులను విచారణకు పిలవలేదు. తనిఖీ ఇన్‌స్పెక్టరు సాక్ష్యం మాత్రం ఉంది. నమ్మదగినదైతే విన్న మాటనైనా లెక్కలోకి తీసుకోవచ్చునని, అసలు సాక్ష్యమే లేకపోతే మాత్రం నిర్ణయం నిలవదని సుప్రీంకోర్టు అన్నది. కండక్టరు ఓడిపోయాడు.

ఇంత సడలింపు ఉన్నచోటే శిక్షణ ఎక్కువ కావాలి. ఏం నేర్పాలి? ఒకరికి వ్యతిరేకంగా ఏ కాగితం వాడినా ముందు అతనికి చూపాలి. జవాబు చెప్పుకోనివ్వాలి. ఈ రెండూ మైసూరు రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు చెప్పినవే. మూడోది, ఏది నమ్మామో, ఎందుకు నమ్మామో రాయాలి.

మన పిల్లల్లో రేపు ఆ కుర్చీలో కూర్చునేవారూ ఉంటారు, ఎదుట నిలబడేవారూ ఉంటారు. ఇద్దరికీ ఒకటే మాట చెబుదాం: "ఆ కాగితం చూపించండి" అని అడగడం తప్పు కాదు, చూపించడం ఉపకారమూ కాదు, విధి.