చారల ఆకుల కాగితపు పూలచెట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథములను గూర్చియు, పఠనమును గూర్చియు నాకంటె బాగుగ చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే కలరు. నేను ముప్పదియేండ్లు పిల్లలకు ప్రకృతిశాస్త్రము చెప్పిన పంతులను. కార్యదర్శిగారు "గేటుదగ్గరి చెట్టును గూర్చి చెప్పండి మాస్టారూ, అది చాలు" అనిరి. కనుక చెట్టును గూర్చియే చెప్పెదను. చివరకు మీ ముందు ఒక వ్యవహారముకూడ పెట్టవలసియున్నది. దానిని మీరే తేల్చవలెను.

గ్రంథాలయము తెరచిన దినమున గేటునకు కుడిప్రక్క నాటిన కాగితపు పూలచెట్టు మీరందరు ఎరిగినదే. ఆ దినమున దానిని మెచ్చినవారు లేరు. వాసన లేదు, దేవునికి పనికిరాదు, ముండ్లు మాత్రము పుష్కలమని ఒక పెద్దాయన అందరి యెదుటనే అనెను. అది నిజమే. కాని ఎండకు వెరవదు, నీరు మరచినను అలుగదు. బీద గ్రంథాలయమునకు అంతకంటె తగిన చెట్టు ఏది?

ఇది మన దేశపు చెట్టు కాదు. పుట్టినిల్లు దక్షిణ అమెరికా. 1766లో ఫ్రాన్సునుండి బూగన్‌విల్ అను నావికుడు భూప్రదక్షిణమునకు బయలుదేరెను. ఆ యాత్రలో కొమ్మర్సన్ అను వృక్షశాస్త్రవేత్త 1767లో బ్రెజిలు దేశపు రియో నగరప్రాంతమున దీనిని సేకరించి, తమ నాయకుని పేరు పెట్టెను. ఆయనకు తోడుగ మగవేషమున ఓడయెక్కి, మొక్కల మూటలు మోసిన జాన్ బారే అను స్త్రీ, భూమిని చుట్టివచ్చిన మొదటి స్త్రీగా చరిత్రకెక్కినది. చెట్టునకు నాయకుని పేరు దక్కినది గాని, మూటలు మోసినామె పేరు దక్కలేదు. ఈ మాట ఇప్పుడెందుకనగా, పేరు పెట్టు ప్రసక్తి మనకును రానున్నది.

మనము పూలనుకొను రాణీరంగు రేకులు నిజమునకు పూలు కావు. అవి రంగెక్కిన ఆకులు. వానిని పుష్పపుచ్ఛములందురు. మూడు పుచ్ఛముల నడుమ సన్నని గొట్టములవలె తెల్లగా నుండునవే అసలు పూలు. ఇంటికి పోవునపుడు ఒక గుత్తి విప్పి చూడుడు.

ఇక అసలు సంగతి. ఏడేండ్ల క్రిందట ఉత్సవపు పందిరికి అడ్డమని ఆ చెట్టును మోకాలి యెత్తునకు నరికివేసిరి. నాకు కోపము వచ్చినమాట నిజము. వానలు పడగానే మొదలునుండి చివురులు బయలుదేరెను. అందొక కొమ్మపై ఆకులు సగము పచ్చగా, సగము పాలమీగడ రంగున నుండెను. మన అటెండరు దానిని తెగులనుకొని కత్తి తెచ్చెను. నేను అడ్డుపడి, రెండు నెలలు గడువడిగితిని.

తెగులో, కొరతయో, నిజమైన మార్పో తెలియుట యెట్లు? ఇనుము కొరతయైనచో చెట్టంతటను లేతాకులు పసుపెక్కును, ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును. అన్నభేది నీరు చల్లినచో కొలదిదినములలో తేరుకొనును. వైరస్ తెగులైనచో మచ్చలు హద్దులేక చెదరియుండును, ఆకులు ముడుతలు పడును, ఇతర కొమ్మలకు ప్రాకును. ఈ కొమ్మ అట్లు లేదు. అన్నభేది మూడుమార్లు చల్లితిని, మార్పు లేదు. తెలుపు కొమ్మకు ఒకే వైపున, గీత గీచినట్లు, క్రిందినుండి పైకి సాగెను. ప్రక్క కొమ్మలు నిక్షేపముగ పచ్చగనే యుండెను. అప్పుడు నాకు ధైర్యము కలిగినది.

ఒక మొగ్గయందలి ఒక కణములో హఠాత్తుగ మార్పు వచ్చి, పత్రహరితము చేయు శక్తి నశించును. ఆ కణపు సంతతి యంతయు తెల్లనగును. తోటవారు కొత్త రకములను పెక్కింటిని ఇట్లే కనుగొనిరి. కలకత్తా అగ్రిహార్టికల్చరల్ సొసైటీ తోటలో ఒక చెట్టుకొమ్మ ఇట్లు మారగా, ఒకే చెట్టున తెలుపును రాణీరంగును పూయు 'మేరీ పామర్' వచ్చినది. ఆ మేరీ పామర్ కొమ్మయే మరల మారి, ఆకులయందు పసుపుచారలుగల 'తిమ్మ' పుట్టినది. మార్పుకై వేచియుండలేనివారు దానిని పుట్టించిరి. లక్నోలోని జాతీయ వృక్షోద్యాన శాస్త్రజ్ఞులు కొమ్మముక్కలకు గామాకిరణములు సోకించి చారల రకములను సాధించిరి. ఆ సంస్థ 1978నుండి జాతీయ వృక్షపరిశోధన సంస్థ అను పేర నడచుచున్నది. 'పార్థ' అను రకమునుండి వచ్చిన చారల మొక్కకు వారు 'అర్జున' అని పేరిడిరి. మనిషి అతడే, పేరు మాత్రమే వేరు! పేరు పెట్టినవారు భారతము చదివినవారే యని నా నమ్మకము.

సరే, కొమ్మ దొరకినది. గింజ వేసి పెంచరాదా అని పలువురడిగిరి. రాదు. ఇందుకు సాక్ష్యము మన పెరళ్లలోనే కలదు. సాయంకాలము పూయు చంద్రకాంత మీకు తెలియును. అదియు ఈ కాగితపు పూల కుటుంబమునకు చెందినదే. జర్మనీ శాస్త్రజ్ఞుడు కొరెన్స్ చారల చంద్రకాంతపై ప్రయోగములు చేసి, 1909లో వెల్లడించినది వినుడు. పచ్చకొమ్మ పూవునుండి వచ్చిన గింజలు పచ్చగనే మొలచెను. తెల్లకొమ్మ గింజలు తెల్లగా మొలచి, ఆహారము చేసికొనలేక చచ్చెను. చారలకొమ్మ గింజలు మూడువిధములను మొలచెను. పుప్పొడి ఏ కొమ్మనుండి తెచ్చి వేసినను ఫలితము మారలేదు. ఈ గుణము తల్లివైపునుండియే వచ్చునని అప్పుడు తేలినది.

అదే 1909లో బౌర్ అను మరొక జర్మనీ శాస్త్రజ్ఞుడు, అంచు తెల్లనైన ఆకుల రహస్యము విప్పెను. చివురు కొనలో కణములు పొరలుపొరలుగ నుండును. పైపొర తోలువంటిది. దాని క్రింది పొర తెల్లబడి, లోపలిది పచ్చగా నిలిచినచో, ఆకు నడుమ పచ్చగను, అంచు తెల్లగను వచ్చును. మన దేవాలయ స్తంభములమీది యాళిని తలచుకొనుడు. ఏనుగు తొండము, సింహపు దేహము ఒకే విగ్రహమున చెక్కియుండును. ఈ మొక్కయు అట్టిదే. రెండు జాతుల కణములు ఒకే దేహమున కాపురము చేయుచుండును. గింజ తయారగునది ఆ రెండవ పొరనుండి. కనుక గింజనుండి పెంచుదమన్న తెల్లగా మొలచి చచ్చును. వేరుముక్కనుండి పెంచుదమన్న, ఆ మొలక లోపలి పొరనుండి వచ్చును గనుక పచ్చగనే యుండును. కొమ్మముక్క యొక్కటే దారి.

ఆ దారియు సుగమము కాలేదు. మన కొమ్మ ఒక వైపు తెలుపు, ఒక వైపు పచ్చ. మొదటి వానకాలమున తొందరపడి ఇరువది ముక్కలు నాటితిని. తెల్లవైపు మొగ్గలు పాలవంటి చివురులు వేసి, చూచుటకెంతో అందముగ నుండి, నెలలోపల మాడిపోయెను. పచ్చవైపువి పచ్చగనే పెరిగెను. మిగిలినది సున్న. రెండవయేట బుద్ధి వచ్చినది. తెలుపును పచ్చయు కలియు గీతమీద ఏ ఆకు పంగలో మొగ్గ యున్నదో వెదకి, దానికి పైన కొమ్మను త్రుంచి, ఆ మొగ్గనే బలవంతముగ మేల్కొలిపితిని. అట్లు నాలుగుమార్లు చేయగా, ఒక చివురున ప్రతి ఆకును అంచు మీగడరంగుతో, నడుమ పచ్చతో వచ్చినది. ఆ దినమున నేను భోజనము మరచితినని మా యింటివారు ఇప్పటికిని ఎత్తిపొడుచుచుందురు.

ఆ చివురునుండి పన్నెండు మొక్కలు చేసి, ఏడింటిని నా పెరటిలో నుంచుకొని, ఐదింటిని అడిగినవారికి ఇచ్చితిని. మరుసటి వేసవియందు అమ్మాయి పురిటికై పొరుగూరు పోయి మూడునెలలు ఉండిపోతిని. తిరిగి వచ్చి చూతును గదా, నా పెరటిలోని ఏడును పచ్చని పొదలు! ఏమి జరిగినదనగా, చారల మొక్క లోనుండి అప్పుడప్పుడు శుద్ధ పచ్చకొమ్మ యొకటి బయలుదేరును. దానికి పత్రహరితము పూర్తిగ నుండుటచే ఆహారము హెచ్చు, బలము హెచ్చు. చారల కొమ్మలు తమ తెలుపుభాగమునుకూడ పోషింపవలెను గనుక వెనుకబడును. కోయకున్నచో పచ్చకొమ్మ తక్కినవానిని నీడన త్రొక్కివేయును. తోటవారికిది పాతపాఠమే. నేను బడిలో చెప్పిన పాఠమే. నా పెరటిలో నేను మరచితిని.

ఇచ్చిన ఐదింటిలో నాలుగును అట్లే పోయెను. ఐదవది వడ్రంగుల వీధిలో ఒక పెద్దమ్మ యింట నున్నది. ఆశలేకయే పోయితిని. నూతిగట్టు ప్రక్కన, నడుము యెత్తున, ప్రతి ఆకును మీగడ అంచుతో, అందుమీద రాణీరంగు గుత్తులతో నిలిచియున్నది! పచ్చకొమ్మలు రాలేదా అని అడిగితిని. "రాకేం బాబూ, వచ్చాయి. మీరిచ్చింది చారల మొక్క గదా, చారల్లేని కొమ్మ నాకెందుకని వచ్చినదాన్ని వచ్చినట్టే గిల్లేశాను" అని ఆమె చెప్పెను. కొరెన్సును, బౌరును చదివిన నేను పోగొట్టుకొన్నదానిని, ఆమె గోటితో నిలబెట్టినది. ఈనాడు గ్రామమున నున్న చారల మొక్కలన్నియు ఆ నూతిగట్టు మొక్క పిల్లలే. మూడు తరములు కొమ్మముక్కలతో పెంచి చూచితిని. గుణము నిలిచినది.

ఇప్పుడు ఆ వ్యవహారము. కడియము ప్రాంతపు నర్సరీ యజమాని యొకరు గత మాసమున వచ్చి చూచిరి. మొక్కలన్నియు తనకే ఇచ్చి, ఊరిలో ఎవరును ఉంచుకొనకున్నచో, గ్రంథాలయమునకు రెండు బీరువాలును, వాని నిండ పుస్తకములును కొని యిత్తుననిరి. వారిలో దోషము లేదు. వ్యాపారము అట్లే చేయవలెను. బీరువాల అవసరము మనకు లేదనలేను. క్రింద పేర్చిన పుస్తకములను చెదలు తినుట మీరు చూచుచున్నారు.

మనమే నమోదు చేయించుకొనరాదా అని యువకులు అడుగుచున్నారు. 2001 నాటి మొక్కరకముల పరిరక్షణ, రైతుహక్కుల చట్టము ప్రకారము కొత్త రకము నాలుగు పరీక్షలకు నిలువవలెను. దరఖాస్తునకు ఏడాదికి మించి ముందు మన దేశమున అమ్మియుండరాదు. తెలిసిన రకములన్నిటికంటె స్పష్టముగ వేరుగ నుండవలెను. మొక్కలన్నియు ఒక్కతీరున నుండవలెను. తరతరములకు గుణము మారరాదు. మనము ఒక్క మొక్కయైనను అమ్మలేదు. ఒక్కతీరును, నిలకడయు చూచితిమి. కాని వేరైనదని ప్రమాణము చేసి చెప్పలేను. అంచు తెల్లనైన కాగితపు పూలచెట్లు నర్సరీలలో ముందునుండియే కలవు. వానిని మనదాని సరసన ఒకే మట్టిలో నాటి, ఆకును ఆకుతో, పుచ్ఛమును పుచ్ఛముతో పోల్చి చూడక "ఇది కొత్తది" అనుట నాకు తగదు. అందుకు ఇంకను రెండు పూతకాలములు పట్టును. ఆ మాటయే నర్సరీవారికిని చెప్పితిని. కొత్తదని నమ్మి కొని, పిదప కాదని తేలినచో, బీరువాలు చూచినప్పుడెల్ల మనకు సిగ్గుగ నుండును.

నా అభిప్రాయమడిగినచో, ఊరిలో మొక్క లేకుండ చేయు షరతునకు నేను ఒప్పుకొనను. ఒక్క పెరటిలో నున్నది పోవుట యెట్టిదో నాకు తెలియును. కొనదలచినవారు మొక్కలు కొనవచ్చును, మన యిండ్లలోనివి మన యిండ్లలో నుండవలెను. ఇక పేరు: రేపు కొత్తదని తేలినచో నా పేరు సూచింపవలదు. వడ్రంగుల వీధి పెద్దమ్మను అడుగగా "నా పేరు చెట్టుకెందుకు" అని నవ్వినది. మీరు మరియొకమారు అడుగుడు. కార్యవర్గము వచ్చే ఆదివారము కూడుచున్నది. సభ్యులందరు వచ్చి తమ మాట చెప్పవలెను.

అంతవరకు ఒక ఏర్పాటు చేసితిమి. నూతివద్ద పదునాలుగు మొక్కలు కుండీలలో సిద్ధముగ నున్నవి. పుస్తకముల వలెనే ఇవియు ఎరువిచ్చునవి. అటెండరువద్ద చిట్టాలో పేరు వ్రాసి తీసికొనిపోవచ్చును. పుస్తకమునకు పదునైదు దినములు గడువు, దీనికి ఒక సంవత్సరము. గడువు తీరినప్పుడు మొక్కను తేనక్కరలేదు, వేరుపట్టిన రెండు ముక్కలు తెచ్చియిచ్చినచో చాలును. జానెడు పొడవున ముదిరిన కొమ్మ కోసి, ఇసుక కలిపిన మట్టిలో వానకాలమున నాటుడు. నీరు నిలువనీయకుడు. వేసవి మధ్యాహ్నపు ఎండకు అంచులు మాడును గనుక మొదటి యేడు పడమటి ఎండ తగులకుండ చూడుడు. పచ్చకొమ్మ కనబడిన దినముననే, మొదలంట గిల్లివేయుడు. చేతికి ముల్లు గ్రుచ్చుకొనును, చూచుకొనుడు.