ఇనుప పెట్టె, ఇరవయ్యారు పళ్లు
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

సాంకేతిక ప్రగతి గురించి మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. అంత పెద్ద మాటలు నాకు రావు. ఒక పాత జీపు గురించి చెబుతాను. మీలో చాలామంది దాంట్లో ఎక్కినవాళ్లే. మా నాన్న మహీంద్రా జీపు. వెనక ట్రాలీ తగిలించుకుని మదనపల్లె మార్కెట్టుకు టమాటా బుట్టలు మోసిన జీపు.

1997 వానాకాలంలో అది మొరాయించింది. లో గేరు వేస్తే దానంతటదే ఊడొచ్చేది. చేను బురదలోంచి ట్రాలీని లాగాలంటే ఆ గేరే దిక్కు. చెడింది ట్రాన్స్‌ఫర్ కేస్. గేర్‌బాక్సు వెనక బిగించి ఉండే ఇనుప పెట్టె అది. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచుతుంది. లో లో వేస్తే వేగం తగ్గి, లాగే బలం దాదాపు రెండున్నర రెట్లవుతుంది. 1947 నుంచి మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించిన విల్లీస్ జీపుల నాటి ఏర్పాటే ఇది.

నేను అప్పటికి ఇంజనీరును, బెంగళూరులో ఉద్యోగం. పెట్టె విప్పింది మాత్రం నా పక్క బెంచీవాడు. పదో తరగతి లెక్కల్లో తప్పి, మదనపల్లెలో షెడ్డు పెట్టుకున్నాడు. (లెక్కల మాస్టారు నవ్వుతున్నారు.) ఆయిలు తగ్గినా చూసుకోక లోపలి షాఫ్టు అరిగిపోయిందన్నాడు. కొత్తది కొనే స్తోమత నాన్నకు లేదు, నాకూ అంతంతే.

"పాతదే తీసుకరా. అయితే పళ్లు లెక్కపెట్టుకోని రావాల" అన్నాడు. మెయిన్ షాఫ్టు గేరుకు 26 పళ్లున్న రకం ఉంది, 29 ఉన్న రకమూ ఉంది. బయటినుంచి చూస్తే రెండు పెట్టెలూ ఒకటే. మాది 26. ఆ గేరును గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "దీన్ని లోపలి గేరుకు ఆనించి తిప్పి చూడు. షాఫ్టును పట్టుకోని ఊపి చూడు, ఆడకూడదు. ఆయిల్ సీళ్లు మాత్రం కొత్తవి కొను, పాతవాటిని నమ్మొద్దు."

చింతామణి మీదుగా బస్సులో వెళ్లి, శివాజీనగర్ గుజిరీలో సగం రోజు తిరిగాను. మూడు పెట్టెలు ఊపి చూశాను. నాలుగోది కుదిరింది. పళ్లు రెండుసార్లు లెక్కపెట్టాను. సీళ్లు పైకి బాగానే కనబడ్డాయి, కొనలేదు. మా వాడు అడిగితే "కొత్తవే" అన్నాను. ఇంజనీరునన్న పొగరు. మిగిలింది ముప్పై రూపాయలు కూడా కాదు.

బిగించాం. లో గేరు నిలబడింది. నాన్న ముఖం వెలిగిపోయింది.

ఆ జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ఈ పెట్టె వెనకే డ్రమ్ములో ఉంటుంది. వెనక సీలు కారితే ఆయిలు నేరుగా బ్రేకు లైనింగుల మీదికే పోతుంది. కాలేజీలో చదివింది గుర్తుకు రావాల్సిన చోట రాలేదు. మా ఇల్లు వాలులో ఉండేది. నాన్న ఎప్పుడూ చక్రం కింద రాయి పెట్టేవాడు. పదో రోజు సాయంత్రం జీపు నేను నిలిపాను, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు లాగి. రాయి అవసరం లేదనుకున్నాను.

జీపు వెనక్కి దొర్లి పశువుల కొట్టం గోడను కూల్చి ఆగింది. పాలు పితికి అమ్మ అప్పుడే లోపలికి వచ్చింది. చెంబు ఇంకా చేతిలోనే ఉంది.

రాత్రికే మా వాడొచ్చాడు. లాంతరు వెలుగులో డ్రమ్ము విప్పి, లైనింగు మీద వేలు రాసి నాకు చూపించాడు. నల్లటి ఆయిలు. నేను అబద్ధం చెప్పానని అర్థమైంది వాడికి. ఒక్క మాటా అనలేదు. జేబులోంచి కొత్త సీలు తీశాడు. ముందే కొనిపెట్టుకున్నాడట. డబ్బులు ఇవ్వబోతే చెయ్యి తోసేశాడు. మళ్లీ నాతో మామూలుగా మాట్లాడ్డానికి రెండేళ్లు పట్టింది.

అమ్మకు ఈ సంగతి చివరిదాకా చెప్పలేకపోయాను. ఇవాళ మీ ముందు మొదటిసారి చెబుతున్నాను. వాడు మూడో వరసలో కూర్చున్నాడు, తల దించుకుని. జీపు ఇప్పుడు వాడి దగ్గరే ఉంది, అదే పెట్టెతో. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాస్టర్లను హార్స్‌లీ కొండకు తీసుకెళ్తానంటున్నాడు. బండి బయట చింతచెట్టు కింద ఉంది. పిల్లలెవరూ చక్రం కింది రాయి తీయకండి.