కోసీ కట్ట ఎవరిది?



పొరుగు దేశాల మధ్య నదీజలాల పంపకం అనగానే, ఎవరికి ఎన్ని క్యూసెక్కులు అన్న లెక్క మనకు ముందు స్ఫురిస్తుంది. కోసీ నది విషయంలో అంతకంటె కఠినమైన ప్రశ్న ఒకటున్నది. ఒక దేశపు నేలపై నిలిచిన కట్టను, దాని రక్షణపై ఆధారపడిన మరొక దేశం ఎట్లా కాపాడుకోవాలి?

హిమాలయాలలో పుట్టిన ఏడు పాయలు కలిసి నేపాల్‌లో సప్తకోసీ అవుతాయి. కొండలు దిగగానే ప్రవాహవేగం తగ్గి, మోసుకువచ్చిన ఇసుక, ఒండ్రు నదీగర్భంలోనే పేరుకుంటాయి. గర్భం పూడినకొద్దీ నది పక్కకు ఒరుగుతుంది. ఇట్లా రెండు శతాబ్దాలకు పైబడిన కాలంలో కోసీ సుమారు 120 కిలోమీటర్లు పడమరకు జరిగింది.

ఈ నదిని అదుపులో ఉంచడానికి 1954 ఏప్రిల్ 25న భారత్, నేపాల్ ఒప్పందం చేసుకున్నాయి. సరిహద్దుకు చేరువలో, నేపాల్ భూభాగంలో 56 గేట్ల బారేజిని, ఇరువైపులా కరకట్టలను నిర్మించారు. వ్యయం, నిర్వహణ భారత్‌వి. సాగునీరు అధికభాగం బీహారుకే చేరింది. భూమి కోల్పోయినది నేపాల్ రైతు. అక్కడ అసంతృప్తి పుట్టడంలో వింత లేదు. 1966లో ఒప్పందాన్ని సవరించి, తన అవసరాలకు కోసీ నీటిని తీసుకునే హక్కు నేపాల్‌కు ఉన్నదని స్పష్టం చేశారు. బారేజి సమీపంలో ఉత్పత్తయ్యే జలవిద్యుత్తులో సగం వరకు, ధర చెల్లించి పొందే అవకాశమూ కల్పించారు.

కాగితం చక్కబడింది. కట్ట సంగతి వేరు. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా వద్ద తూర్పు కరకట్ట తెగింది. బారేజి రూపకల్పన 9.5 లక్షల క్యూసెక్కులకు జరిగింది. ఆనాటి ప్రవాహం సుమారు 1.44 లక్షలు మాత్రమే! నది తాను ఏనాడో విడిచిన దారి పట్టింది. నేపాల్‌లో సున్సరి, బీహారులో సుపౌల్, మధేపురా, అరరియా జిల్లాలు మునిగాయి. బీహారులోనే ముప్పై లక్షలకు పైగా జనం నష్టపోయారు. మరమ్మతులు సకాలంలో ఎందుకు జరగలేదన్న దానిపై ఇరుపక్షాలూ ఒకరినొకరు వేలెత్తి చూపుకున్నాయి. నీట మునిగిన ఇంటికి ఆ వాదంతో పనేమి?

భూటాన్‌తో మన అనుభవం భిన్నమైనది. వాంగ్‌ఛు నదిపై 336 మెగావాట్ల చుఖా కేంద్రానికి 1974లో ఒప్పందం కుదిరింది. పెట్టుబడిలో 60 శాతం గ్రాంటుగా, 40 శాతం రుణంగా భారత్ ఇచ్చింది. భూటాన్ తన అవసరాలకు పోను మిగిలిన విద్యుత్తును భారత్‌కు అమ్ముతుంది. ఎగువ దేశపు లాభం రూపాయలలో కంటికి కనబడుతుంది. అయితే చుఖాలో టర్బైన్లు తిప్పిన నీరు తిరిగి నదిలోనే కలుస్తుంది గనుక అక్కడి పని సులువు. కోసీకి దానిని యథాతథంగా అన్వయించలేము.

మహాకాళి నదిపై 1996లో కుదిరిన ఒప్పందం నేపాల్‌కు టనక్‌పూర్ బారేజి నుండి వానకాలంలో 1,000, మిగతా కాలంలో 300 క్యూసెక్కుల నీటిని, ఏటా 7 కోట్ల యూనిట్ల విద్యుత్తును ఉచితంగా కేటాయించింది. కాని అందులోనే తలపెట్టిన పంచేశ్వర్ మహానిర్మాణం నేటికీ రూపుదాల్చలేదు. పెద్ద ఆనకట్టల కోసం ఎదురుచూస్తూ, ఉన్న కట్టను మరవడం నాకు సమంజసంగా తోచదు. 2024 సెప్టెంబరు చివర కోసీ బారేజి వద్ద 6.61 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది; 1968 తరువాత అంత నీరు రాలేదు. బారేజి నిలిచింది. దిగువన బీహారులో మాత్రం కరకట్టలు తెగాయి. వానలకు ముందే రెండు దేశాల ఇంజనీర్లు కలిసి కట్ట పొడవునా నడిచి, బలహీనమైన చోట్లను ఒకే పట్టికలో నమోదు చేసి, ఆ పట్టికను ఇరువైపులా గ్రామాలలో అంటించడానికి కొత్త ఒప్పందం అక్కరలేదు.