నేను తప్పని చెప్పిన మాట

(సావిత్రిబాయి ఫూలే జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొత్తగా చేరిన టీచర్‌ని కదా, విద్య గురించి నీ నమ్మకాలేమిటో చెప్పమన్నారు. నేను చేరి రెండు నెలలే. అదీ పీరియడ్ లెక్కన డబ్బులిచ్చే గెస్ట్ లెక్చరర్‌గా. పీహెచ్‌డీ ఇంకా సబ్మిట్ చేయలేదు. విలువలూ ఆదర్శాలూ అని మొదలుపెడితే మీకు విసుగు, నాకు సిగ్గు. ఫీల్డ్‌వర్క్‌లో నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

కిష్టారం పేరు మీలో కొందరు 2018 మార్చి 13న విని ఉంటారు. మందుపాతర పేలి 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయిన ఊరు అది. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, మన భద్రాద్రి కొత్తగూడెం సరిహద్దుకు దగ్గర. నాకు మాత్రం ఆ పేరు చిన్నప్పుడే మిరప చేలో తెలిసింది. మాది చర్ల వైపు. మా అమ్మ కూలికి వెళ్లేది. మిరప కోతలప్పుడు అవతలి నుంచి కుటుంబాలకు కుటుంబాలు పిల్లలతో సహా వచ్చి చేల దగ్గరే డేరాలు వేసుకునేవి. వాళ్లను మేం ‘గుత్తికోయలు’ అనేవాళ్లం. ఆ మాటలో ఎంత చులకన ఉందో అప్పుడు తెలియలేదు. మాదిగ వాడలో పుట్టిన నాకు కూడా, నాకంటే కింద ఒకరున్నారనే ధీమా ఉండేది. బాబాసాహెబ్ చెప్పిన మెట్ల అసమానతను పుస్తకంలో చదవడానికి చాలా ఏళ్ల ముందే నేను దాన్ని పాటించాను.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఆ వైపు పల్లెలు ఖాళీ అయ్యాయి. కొందరిని దోర్నపాల్, ఎర్రబోరు క్యాంపులకు తరలించారు. కొందరు అడవి దాటి ఇటు వచ్చేశారు. బడి భవనాల్లో బలగాలు దిగాయి, బలగాలు దిగుతాయని మావోయిస్టులు భవనాలు కూల్చారు. బళ్లు, హాస్టళ్ల నుంచి బలగాలను ఖాళీ చేయించమని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఒక తరం పిల్లలకు బడే లేకుండా పోయింది.

ఏళ్ల తర్వాత అక్కడ ఒక్కొక్కటిగా తిరిగి తెరిచిన బళ్లే నా పరిశోధన విషయం. చాలాచోట్ల వాటిని నడిపేది శిక్షాదూత్‌లు, అంటే కాస్త చదువుకున్న స్థానిక యువకులు. ఇచ్చేది కొద్దిపాటి గౌరవ వేతనం. 2025లో సుక్మా, బీజాపూర్ జిల్లాల్లో కొందరిని ఇన్‌ఫార్మర్లని ముద్ర వేసి మావోయిస్టులు చంపారు కూడా. మనం ఇక్కడ టీచర్ ఉద్యోగపు కష్టాలు మాట్లాడుకునేటప్పుడు వాళ్లనూ గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

కిష్టారం దగ్గరి ఒక పల్లెలో, రేకుల షెడ్డు బడి. శిక్షాదూత్ ఒకరోజు మీటింగుకని కోంటా వెళ్తూ, “అన్నా, ఇవాళ పిల్లల్ని మీరు చూసుకోండి” అన్నాడు. ఎగిరి గంతేశాను. బీఈడీలో నేర్చుకున్నదంతా చూపించే రోజు కదా. హిందీ వాచకం తెరిచి నీళ్ల కుండ బొమ్మ చూపించి, “యే క్యా హై?” అన్నాను. ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగాను. ముందు వరసలోంచి ఒక పాప, ఏడేళ్లుంటాయేమో, మెల్లగా “ఏర్” అంది.

“నహీ. పానీ బోలో” అన్నాను. బోర్డు మీద రాసి అందరి చేతా పదిసార్లు పలికించాను. ఆ పాప పలకలేదు. మధ్యాహ్నం అన్నం తిని వెళ్లి మళ్లీ రాలేదు.

కోయలో ఏర్ అంటే నీళ్లు. తెలుగువాడికి ఏరు తెలుసు. నా చెవికి పానీ కంటే ఏర్ దగ్గర. పాప ఏమందో నాకు అర్థమైంది. అర్థమయ్యే తప్పని చెప్పాను. యూనివర్సిటీలో చేరిన కొత్తలో “ముందు నీ యాస సరిచేసుకో” అని ఒకాయన అంటే రెండు సెమిస్టర్లు క్లాసులో నోరెత్తనివాణ్ని నేను.

మర్నాడు శిక్షాదూత్‌కి చెప్పాను. కోప్పడలేదు. అదే బొమ్మ తీసి ముందు ఏర్ అన్నాడు, తర్వాత నీళ్లు అన్నాడు, ఆ తర్వాత పానీ. “సంతకు తెలుగు, పరీక్షకు హిందీ, రెండూ కావాలన్నా. కానీ ముందు పిల్ల బడికి రావాలి కదా” అన్నాడు. ఆయనకు బీఈడీ లేదు.

ఇక్కడే జీవో 3 మాట ఎత్తాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్లలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన ఉత్తర్వు అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనడాన్నే కోర్టు తప్పుబట్టింది. వంద శాతం రిజర్వేషన్ మీద న్యాయపరమైన వాదన ఎవరైనా చేస్తే నేను వింటాను. కానీ ఆ రెండో మాట దగ్గర నాకు ఆ పాప గుర్తొస్తుంది. 1882లోనే హంటర్ కమిషన్‌కిచ్చిన విజ్ఞాపనలో జోతిబా ఫూలే, ప్రాథమిక బళ్ల టీచర్లు సాగు చేసుకునే కులాల నుంచే రావాలని అడిగారు. పిల్లలతో కలిసిపోగలవాళ్లు, వాళ్ల అవసరాలు తెలిసినవాళ్లు కావాలని. ఆయన అడిగింది దయ కాదు, అర్హతకు ఇంకో కొలత. ఆ కొలతతో చూస్తే కిష్టారంలో అర్హత లేనివాణ్ని నేనే.

మాతృభాష అనగానే మనవాళ్లకు అనుమానం వస్తుంది. రావాలి కూడా. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి మన పిల్లలకు మాతృభాష గొప్పదనం చెప్పేవాళ్లను చాలామందిని చూశాం. ఇంగ్లీషు వద్దని నేననను, దాని వల్లే నేనిక్కడ ఉన్నాను. మాతృభాషలో బోధన సాధ్యమైనంత వరకు ఉండాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటుంది. ఆ ‘సాధ్యమైనంత వరకు’ దగ్గరే కోయ పిల్లల సంగతి ఆగిపోతోంది. నేనడిగేది ఇంతే: ఇంగ్లీషు దాకా వెళ్లే దారిలో మొదటి మెట్టు పిల్ల నోట్లో ఉన్న మాట కావాలి.

మొన్న మా క్లాసులో ఒక అబ్బాయి సెమినార్ తెలుగులో చెప్పొచ్చా అని అడిగాడు. చెప్పమన్నాను. ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు. ఇప్పుడు ఇద్దరం కూర్చుని దాన్ని ఇంగ్లీషులోకి రాస్తున్నాం.

ఆ పాప వారం తర్వాత బడికొచ్చింది. నాతో మాత్రం మాట్లాడలేదు. మిరప కోతలు మొదలయ్యాక మళ్లీ కనబడలేదు. నేను తిరిగొచ్చేనాటికి హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన వరసగా గైర్హాజరు గుర్తులు. ఎక్కడుందో పట్టీకి తెలియదు, నాకు తెలుసు. మా అమ్మ పనిచేసిన చేలలోనే ఎక్కడో ఉంటుంది.

జై భీమ్.