ఊరూర ప్రోగ్రామరుల గోష్ఠులు



తణుకు ప్రాంతమున ముప్పదియైదేండ్లు తెలుగు, సంస్కృతములు బోధించి విశ్రాంతి గైకొన్న బడిపంతులను నేను. కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాయుట నే నెఱుగను. అట్టివాడు ప్రోగ్రామరుల సంఘములను గూర్చి ప్రసంగించుట యేమని మీకు సందేహము కలుగవచ్చును. కాని వ్యాకరణము చదివినవానికి ఆ విద్య బొత్తిగా పరాయిది గాదు. 1967లో పీటర్ ఇంగర్మన్ అను శాస్త్రజ్ఞుడు, ప్రోగ్రామింగు భాషల వ్యాకరణమును వ్రాయు నొక పద్ధతికి పాణిని పేరును గూడ చేర్చుట న్యాయమని సూచించెను. పాణిని సూత్రములు రచించెను. కాత్యాయనుడు వార్తికములతో కొఱతలు చూపెను. పతంజలి రెండింటిని చర్చించి భాష్యము నిర్మించెను. పైథాన్, లినక్స్ మొదలగునవి నేడు పెరుగుచున్న తీరును ఇదియే. మూలము అందఱకును తెఱచి యుండును. ఒకడు వ్రాసినదానిని వేఱొకడు దిద్దును. మూడవవాడు విప్పి చెప్పును.

ఇట్లు దిద్దువారు ఎచ్చట తయారగుదురు? ప్రశ్న పుట్టినప్పుడు పొరుగువానిని సిగ్గుపడక అడుగదగిన చోట. అందులకే లోకమంతట యూజర్ గ్రూపులను పేర స్థానిక సంఘములు వెలసినవి. మన దేశమున పైథాన్ వారి మొదటి మహాసభ 2009లో బెంగుళూరున జరిగెను. 2018లో హైదరాబాదున జరిగెను. హైదరాబాదులో పుట్టిన ‘స్వేచ్ఛ’ అను సంస్థ ఇంజనీరింగు కళాశాలలలో లినక్స్ వాడుకరుల సంఘములను నెలకొల్పినది. ఇవి యన్నియు పెద్ద కాలువలు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసినను, నీరు మన చేనికి వచ్చినది పంటబోదె వలననే గదా! బోదెకు ఏటేట పూడిక తీయనిచో గోదావరి నిండుగా పాఱుచుండగనే మడి యెండును.

మన సీమలో పిల్లలకు కొదువ లేదు. భీమవరమున 1980 నుండి ఇంజనీరింగు కళాశాల యున్నది. తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. కొఱత యెల్ల బోదెలలోనే.

నేను కన్నులార చూచిన సంగతి యొకటి విన్నవింతును. కొన్నేండ్ల క్రిందట నా పూర్వశిష్యు డొకడు ఆదివారములందు మా యింటి వసారాలో పదిమంది పిల్లలను చేర్చి పైథాన్ నేర్పుచుండెను. కొల్లేటి యంచు గ్రామమునుండి ఒక బాలిక రెండు బస్సులు మాఱి వచ్చెడిది. ఏడాది లోపలనే ఆమె తన తండ్రి చేపల చెఱువు లెక్కలు వ్రాయుటకు చిన్న ప్రోగ్రాము సిద్ధము చేసికొన్నది. అంతలో నా శిష్యునకు హైదరాబాదున ఉద్యోగ మయ్యెను. పాఠముల వరుస, సభ్యుల చిరునామాలు, సంకేతపదములు అన్నియు అతని యొద్దనే యుండెను. రెండు ఆదివారములు పిల్లలు వచ్చి, అరుగుపై కూర్చుండి, లేచిపోయిరి. మూడవ వారము ఎవరును రాలేదు. ఆ బాలిక తరువాత ఏమయ్యెనో నాకు తెలియదు. తప్పు అతనిది గాదు. "నీ తరువాత ఎవరు?" అని నేనైనను అడిగి యుండవలసినది.

ఈ చిక్కునకు మన పెద్దలు చూపిన మార్గమొకటి కలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూర చెదరి యున్న పఠనాలయములను ఒక త్రాట కట్టిరి. పాతూరి నాగభూషణముగారు 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవలో పుస్తకములు పంపించిరి. చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే రేవునకు పోయినది. ప్రోగ్రామరుల గోష్ఠియు నట్లే కదలవలెను: ఒక నెల తణుకున, ఒక నెల తాడేపల్లిగూడెమున, ఒక నెల ఏలూరున.

అనుభవము నేర్పిన మాటలు కొన్ని చెప్పెదను. గోష్ఠికి తిథివలె మాఱని దినము, మాఱని వేళ యుండవలెను. ఇద్దఱే వచ్చినను మానరాదు. భారము ముగ్గురి భుజములపై నుండవలెను. అందొకడు క్రొత్తవాడు కావలెను. లెక్కలు, తాళములు, సంకేతపదములు సంఘమునవి, వ్యక్తివి కావు. మొదటిసారి వచ్చినవాని ప్రశ్నకు నవ్వినవాడు ఆ దినమున పాఠము చెప్పరాదు. వివరణ తెలుగున సాగవలెను. సాంకేతికపదము ఇంగ్లీషుదైన అట్లే యుండనిండు. ఆడపిల్లలు ప్రొద్దు గ్రుంకకముందే ఇల్లు చేరునట్లు సభ ముగియవలెను.

ధనమును గూర్చి యొక మాట. అమెరికాలోని పైథాన్ సాఫ్టువేర్ ఫౌండేషన్ పలుదేశముల గోష్ఠులకు చిరకాలము ద్రవ్యసహాయము చేసినది. 2025 ఆగస్టులో, ఆ యేటి కేటాయింపు ముగియుటచే, సహాయమును నిలుపవలసి వచ్చెను. దాతను నిందింపబని లేదు. ఎగువ నీరు తగ్గిననాడు ఊరి చెఱువే దిక్కు. ఒక బడిగది, ఒక తెల్లని గోడ, కాసిని టీనీళ్ళు చాలును. వీనిని ఊరివారు సమకూర్పలేరా?

బడిపంతుళ్ళారా, గ్రంథాలయాధికారులారా! ఆదివారము తాళము వేసియున్న గది మీ యూర నొకటి యుండును. నెలకు రెండు గంటలు దానిని తెఱవుడు. మా వసారా నేటికిని తెఱచియే యున్నది. రెండు బస్సులు మాఱి వచ్చు మఱొక బాలిక ఈసారి రిత్తచేతులతో మరలిపోరాదు.

సెలవు.