విడిది శిబిరములు – సిబ్బంది పనిభారము, ఆదరణ



కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1956లో సెలవు ప్రయాణ రాయితీ ఏర్పడినది. ఎల్.టి.సి. అను ఆ మూడక్షరములు తెలియని ఇల్లు ఈ సభలో ఉండదు. యాత్ర ముగించి వచ్చినవారిని "ఎట్లున్నది?" అని అడిగినచో, కొండల సంగతి, జలపాతముల సంగతి తరువాత, "అక్కడివారు మంచివారు" అనియో, "పలుకరించిన దిక్కు లేదు" అనియో ముందు చెప్పుదురు. ఆ పలుకరింపు స్వభావమువలన కలుగునా, పని ఏర్పాటువలన కలుగునా అన్నది విచారింపదగినది.

ఇంగ్లండులో విడిది శిబిరములను పెద్దయెత్తున నడపినవాడు బిల్లీ బట్లిన్. పూర్వము అచ్చటి సముద్రతీరపు పూటకూళ్ళ ఇండ్లలో ఫలహారము కాగానే అతిథులను వెలుపలికి పంపి, వాన కురియుచున్నను భోజనవేళ వరకు లోనికి రానిచ్చెడివారు కారు. బారీ దీవిలో ఈ అవస్థను చూచిన బట్లిన్ 1936లో స్కెగ్నెస్ తీరమున తన శిబిరము తెరచెను. భోజనము, బస, ఆటలు అన్నియు అమరినవి. అయినను తొలిదినములలో అతిథులు ఒకరితో నొకరు కలియక ముడుచుకొని కూర్చుండిరి. అంతట అతడు తనయొద్ద పనిచేయు నార్మన్ బ్రాడ్‌ఫర్డును వారి నడుమకు పంపి నవ్వించుమనెను. గుర్తుపట్టుటకు వీలుగా అతనికి ఎర్రకోటు తొడిగించెను. "రెడ్‌కోట్లు" అను వర్గము అట్లు పుట్టినది. ఎర్రకోటు మాట అటుంచి, వంటవానినే ఆ పనియు చేయుమనక, పలుకరించుటకే ఒక మనిషిని కేటాయించుట ఇందలి విశేషము.

అయితే నవ్వించుటయు శ్రమయే. అమెరికా సమాజశాస్త్రజ్ఞురాలు ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో వెలువరించిన గ్రంథమున విమానపరిచారికల వృత్తిని పరిశీలించి, అలసటను దాచి ప్రసన్నత చూపుటయు జీతమునకు చేయు పనియే అని వివరించినది. ఎర్రకోటు తొడిగినవానికిని తలనొప్పి వచ్చును గదా!

ఇక విశాఖ మన్యము సంగతి. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, లంబసింగి, వంజంగి ప్రాంతములకు చలికాలమున జనము పోటెత్తుదురు. గుడారములు వేసినవారికి శని, ఆదివారములే పంట. వంజంగి మేఘములను చూడదలచినవారు తెల్లవారక మునుపే కొండ ఎక్కవలెను. వారిని నాలుగు గంటలకు లేపువాడొకడుండవలెను. రాత్రి పదకొండు దాటినను నెగడు చుట్టు పాటలు ఆగవు. ఆ నెగడు ఆర్పువాడును ఒకడుండవలెను. ఆ ఇద్దరును ఒక్కడే అయినచో అతని నిద్ర ఎంత? పది గంటలకు ఒక జట్టు ఖాళీ చేసి, పన్నెండింటికి మరొక జట్టు దిగునెడల, ఆ నడిమి వ్యవధిలోనే పరుపులు దులుపవలెను, మరుగుదొడ్లు కడుగవలెను, మంచుకు తడిసిన దుప్పట్లు ఆరవేయవలెను. అవి ఒకంతట ఆరవు. ఇంతలో "వేడినీళ్ళేవీ?" అని కేక. అతడు తలయెత్తకయే "వచ్చునండీ" అనును. గర్విష్ఠియని ఫిర్యాదు పుస్తకమున వ్రాయుదురు.

మార్చి నెలాఖరున దస్త్రముల గుట్ట వెనుకనుండి "రేపు రండి" అను గుమాస్తా ముఖము ఈ సభవారికి కొత్త కాదు.

శిబిరము నడుపువారు ఖాళీ చేయు వేళకును దిగు వేళకును నడుమ నాలుగు గంటలుంచినచో, రాత్రికి ఒకనిని, వేకువకు ఒకనిని నియమించినచో, సగము ఫిర్యాదులు పుట్టవు. దానికి ఖర్చగును, గది అద్దె కొంత పెరుగును. అద్దె తక్కువని ఎంచుకొని ఆదరణ తక్కువని కోపించుట న్యాయము కాదు. సంక్రాంతికి ఉద్యోగి సెలవు మంజూరు చేయించుకొని పిల్లలతో కొండకు పోవును. అదే సంక్రాంతికి గుడారములొద్ద పనిచేయువాడు ఇల్లు చేరలేడు. "నీ ఊరేది నాయనా? పండుగకు ఎప్పుడు పోవుదువు?" అని అతనిని అడిగిన అతిథులు అరుదు.