నాన్నకి వినపడని పిట్ట

కిందటి వారం ఎపిసోడ్ ఎందుకు పెట్టలేదని చాలామంది అడిగారు. గుంటూరు వెళ్లాను, అమ్మానాన్నల దగ్గరికి. ఈరోజు ఆ కబుర్లే.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోస్టాఫీసులో చేసి రిటైరయింది. ఇంటి వెనక రెండు సెంట్ల జాగా ఉంది. కరివేపాకు, జామ, మందారాలు, గోడవార దొండపాదు. ఉడుతలు, తొండలు, ఎప్పుడైనా ఒక ముంగిస, జామకాయ సగం కొరికి కింద పడేసే చిలకలు... వీటన్నిటి ఫొటోలూ నాన్న రోజూ ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. మేము ఒక బొటనవేలు బొమ్మ కొట్టి వదిలేస్తాం. మీ ఇంట్లోనూ అంతేగా?

మొన్న కార్తీకంలో అక్క కొడుకు అన్నప్రాసన అక్కడే చేశాం. అంతకు ముందు నుంచీ బట్టలారేసే తీగకి ఒక తేనెపిట్ట గూడు కట్టి ఉంది. బొటనవేలంత పిట్ట. పీచు, ఎండుటాకు ముక్కలు, సాలీడు దారం కలిపి చిన్న సంచిలా వేలాడదీస్తుంది. వాకిలి పైన వాన పడకుండా చిన్న చూరు కూడా! గుడ్లు పొదగడానికే దాదాపు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు పైన. అందుకని అమ్మ ఆ తీగ మీద బట్టలేయడం మానేసింది. షామియానా వాళ్లు తాడు అటు కడతామంటే నాన్న ఒప్పుకోలేదు. వంటవాళ్ల పొయ్యి కూడా వీధి వైపుకి మారింది. ఇంత హడావుడి ఒక పిట్ట కోసమా అని పిన్ని సణిగింది.

ఫంక్షన్ రోజు బావ వచ్చి, "మామయ్యగారూ, సీట్లు సరిపోతాయా?" అని అడిగారు. నాన్న, "ఆ, పది కిలోలు చెప్పాను, కాజాలు కూడా ఉన్నాయి" అన్నారు. సీట్లంటే స్వీట్లనుకున్నారు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, దాచడమెందుకు. నాన్న కూడా నవ్వేసి, కాసేపటికి లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. భోజనాల దగ్గర తప్ప మళ్లీ కనపడలేదు. "రిటైరయ్యాక బావగారు మరీ ముభావంగా అయిపోయారు, పెన్షన్ వస్తోందిగా, మనతో పనేముంది" అని పిన్ని అననే అంది.

మర్నాడు పొద్దున్నే నాన్న ఫోన్లో మెర్లిన్ యాప్ వేశాను. మీలో కొంతమందికి తెలిసే ఉంటుంది, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లది, ఫ్రీ. ఫోన్ అలా పట్టుకుంటే చుట్టూ అరిచే పిట్టల పేర్లు స్క్రీన్ మీద వస్తాయి. మళ్లీ అదే పిట్ట అరిస్తే దాని పేరు వెలుగుతుంది. చిలక వచ్చింది, కోయిల వచ్చింది, జెముడుకాకి వచ్చింది. నాన్న ఒక్కొక్కదానికీ తలూపుతున్నారు. తర్వాత తేనెపిట్ట పేరు వచ్చింది. వెలుగుతోంది, ఆరుతోంది, వెలుగుతోంది.

"ఇది తప్పు చెప్తోంది అమ్మడూ. అది పలకట్లేదు కదా," అన్నారు నాన్న.

పిట్ట మాకు రెండు బారల దూరంలో, మందారం కొమ్మ మీద ఉంది. సన్నగా, ఆపకుండా పలుకుతోంది. నాన్న దానివైపే చూస్తున్నారు. కాసేపటికి నెమ్మదిగా, "నోరైతే తెరుస్తోంది..." అన్నారు.

నాకు మాట రాలేదు. వెనక బెంచీలో గుసగుసలాడితే బోర్డు వైపు తిరిగి ఉండే పేరు పెట్టి పిలిచిన మాస్టారు ఆయన.

లోపలికెళ్లి అమ్మకి చెప్తే, "నాకు రెండేళ్ల నుంచీ తెలుసు" అంది. మా అమ్మకి ఒక అలవాటుంది. ఎవరేం చెప్పినా తిరిగి అదే అంటుంది. "రేపు వస్తారా? ఎనిమిదింటి బస్సుకా?" అని. మేము 'ఎకో' అని పేరు పెట్టి ఏడిపించేవాళ్లం. అదంతా పక్కనున్న నాన్న కోసమట. మనుషుల ముందు ఆయన పరువు పోకూడదని.

చెవి పరీక్ష చేయించాం. గ్రాఫ్‌లో గీత ఎడమవైపు బాగానే ఉంది, కుడివైపుకి వచ్చేసరికి మెట్లు దిగినట్టు దిగిపోయింది. అంటే లావు శబ్దాలు వినపడతాయి, సన్నవి పోయాయి. వయసుతో వచ్చే చెముడు ఎక్కువగా ఇలాగే మొదలవుతుందట. మాటల్లో కూడా స, ష, ఫ లాంటి అక్షరాలు సన్నటి శబ్దాలు. అవి జారిపోతే మాట వినపడుతుంది కానీ ఏ మాటో తెలీదు. నలుగురూ ఒకేసారి మాట్లాడే చోట మరీ కష్టం. అన్నప్రాసనలో ఆయన అలిగారనుకున్నాం మనం! జెముడుకాకి అరుపు లావు కాబట్టి అది మాత్రం నిక్షేపంగా వినపడుతుంది. "చెముడాయనకి జెముడుకాకే గతి" అంది అమ్మ. నాన్నే ఎక్కువ నవ్వారు.

అరిచి మాట్లాడితే ఇంకా గందరగోళంగా వినపడుతుందట. మొహం ఎదురుగా పెట్టి, టీవీ ఆపి, మామూలుగా నిదానంగా చెప్పాలి. వీడియో కాల్‌లో వెలుతురు మీ మొహం మీద పడేలా కూర్చోండి, సగం మాట వాళ్లు పెదాలు చూసే పట్టుకుంటారు. నేను ఇన్నాళ్లూ చీకట్లో మంచం మీద పడుకుని మాట్లాడేదాన్ని.

మిషన్ పెట్టుకోమంటే మొదట ససేమిరా అన్నారు. ముసలాడినని బోర్డు కట్టుకోవాలా అని. చివరికి ట్రయల్‌కి తెచ్చుకున్నారు. మొదటిరోజు ప్లాస్టిక్ కవరు చప్పుడుకి ఉలిక్కిపడ్డారు. కుక్కర్ విజిల్‌కి తీసి అవతల పెట్టారు. అలవాటు పడడానికి వారాలు పడుతుందని ముందే చెప్పారులెండి.

డిసెంబర్లో ఇద్దరూ స్కూటర్ మీద ఉప్పలపాడు వెళ్లొచ్చారు. గుంటూరుకి పట్టుమని పది కిలోమీటర్లు లేదు. ఊరి చెరువులో తుమ్మచెట్ల నిండా గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు, గూళ్లు. తెరిచిన కిటికీ ముందే వేల పిట్టలు, ఆ ఊరివాళ్ల ఓపికకి దణ్ణం పెట్టాలి. వాచ్ టవర్ ఎక్కి నాన్న మిషన్ తీసి జేబులో వేసుకున్నారట. "సంతలో ఉన్నట్టుందే" అని. అమ్మకి కోపం వచ్చి దారంతా మాట్లాడలేదట. మాట్లాడినా ఆయనకి వినపడదుగా, మిషన్ జేబులోనే ఉంది!

కిందటి వారం నేను వెళ్లేసరికి గూడు ఖాళీ. పిల్లలు ఎప్పుడో ఎగిరిపోయాయి. అమ్మ ఇంకా ఆ తీగ వాడట్లేదు. పొద్దున నాన్న చెవిలో మిషన్ పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. మందారం దగ్గరికి తేనెపిట్ట వచ్చింది. చాలాసేపు విన్నారు.

"ఇంత సన్నగా ఉండేదా ఇది? నాకు గుర్తున్నది ఇంకా పెద్దగా ఉండేదే," అన్నారు.

లోపల్నుంచి అక్క టిఫిన్‌కి రమ్మని కేక వేసింది. "టిఫిన్‌కి రమ్మంటోందండీ," అంది అమ్మ.

"వినపడింది. ఇంకా ఎందుకు రెండోసారి?"

"అలవాటైపోయింది. మీరు పదండి."